కంపెనీ గోడ దాటని పని: ఇంజనీర్ల ఈబీ-1ఏ తిరస్కరణలపై ప్రసంగ పాఠం

(అమెరికాలో తెలుగు ఇంజనీర్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఇవాళ అంకెలు, గడువులు చాలా వస్తాయి, రాసుకునేవాళ్ళు రాసుకోండి.

ముందు ఒక ప్రశ్న. సెలవురోజు పూట ఇంతమంది ఇక్కడికి ఎందుకొచ్చారు? గ్రీన్ కార్డ్ లైన్ కదలడం లేదు కాబట్టి. అంతే కదా? 2025 అక్టోబరు వీసా బులెటిన్ చూడండి, అంటే ఏ తరగతిలో వంతు ఏ తేదీ దాకా వచ్చిందో అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా ఇచ్చే పట్టిక. భారత్‌లో పుట్టినవాళ్ళకి ఈబీ-2, అంటే పై డిగ్రీలున్నవాళ్ళ తరగతి, తేదీ అప్పుడు 2013 ఏప్రిల్ 1 దగ్గర ఉండేది. అదే బులెటిన్‌లో ఈబీ-1 తేదీ 2022 ఫిబ్రవరి 15. అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ళ కోసం ఉన్న ఈబీ-1ఏ ఇందులోదే. రెండింటి మధ్య తేడా దాదాపు తొమ్మిదేళ్ళు. మీలో చాలామందికి కంపెనీ వేసిన ఈబీ-2 ఐ-140, అంటే గ్రీన్ కార్డ్ పిటిషన్, ఎప్పుడో ఆమోదమై ఉంటుంది. 2015దో, 2017దో ప్రయారిటీ డేట్, అంటే లైన్లో మీ స్థానం చెప్పే తేదీ, ఉంటుంది. ఈబీ-1ఏ ఆమోదమైతే ఆ పాత తేదీ దీనికి కూడా వర్తిస్తుంది. 2015 అంటే 2022 కన్నా ముందే కాబట్టి, ఆ బులెటిన్ లెక్కన వెంటనే ఐ-485, అంటే గ్రీన్ కార్డ్ దరఖాస్తు, వేసుకోవచ్చు. పైగా దీనికి కంపెనీ స్పాన్సర్ చెయ్యక్కర్లేదు, ఆ ఉద్యోగానికి అమెరికన్లు దొరకలేదన్న లేబర్ సర్టిఫికేషన్ అక్కర్లేదు, మనకి మనమే వేసుకోవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఐ-140 ఫీజు 715 డాలర్లు, సొంతంగా వేసుకునేవాళ్ళకి దానిమీద ఇంకో 300. త్వరగా చూడమని ప్రీమియం ఫీజు కడితే 15 పనిదినాల్లో ఏదో ఒక జవాబు వస్తుంది.

అందుకే ఇంతమంది వేస్తున్నారు. వెయ్యడంలో తప్పు లేదు. కానీ పదిహేనేళ్ళ అనుభవం, మంచి జీతం, పెద్ద కంపెనీలో ప్రిన్సిపల్ ఇంజనీర్ హోదా ఉన్నవాళ్ళ పిటిషన్లు కూడా వెనక్కి వస్తున్నాయి. ఎందుకు వస్తున్నాయి? సమర్థత లేక కాదు. ఆ సమర్థత కంపెనీ లోపలే ఉండిపోయింది, చట్టం అడిగేది బయట కనిపించేదాన్ని. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది, గుర్తుపెట్టుకోండి.

చట్టం ఏమంటోంది? తన రంగంలో అట్టడుగు నుంచి లెక్కపెడితే ఎక్కడో పైన ఉన్నారంటే సరిపోదు. ఆ రంగంలో శిఖరానికి చేరిన కొద్ది శాతం మందిలో ఒకరై ఉండాలి. జాతీయంగానో అంతర్జాతీయంగానో వచ్చిన పేరు నిలిచి ఉండాలి. దీన్ని రుజువు చెయ్యడానికి నోబెల్ లాంటి ఒక్క పెద్ద బహుమతైనా చూపించాలి, లేదా పది ప్రమాణాల్లో కనీసం మూడైనా చూపించాలి. ఆ పదిలో కళాప్రదర్శనలు, రంగస్థల వసూళ్ళు మనకి సంబంధం లేనివి. మిగిలినవి ఎనిమిది: బహుమతులు, సభ్యత్వాలు, మన గురించి పత్రికల్లో వచ్చిన రాతలు, ఇతరుల పనికి జడ్జిగా ఉండడం, రంగానికి ముఖ్యమైన సొంత కృషి, పరిశోధన వ్యాసాలు, పేరున్న సంస్థలో నాయకత్వ లేదా కీలక పాత్ర, ఎక్కువ జీతం.

ఇక్కడే చాలామంది లెక్కలో పడిపోతారు. మూడు టిక్కులు పడ్డాయి, పనైపోయింది అనుకుంటారు. అయిపోలేదండీ. 2010లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు కజారియన్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. కజారియన్ సైద్ధాంతిక భౌతికశాస్త్రవేత్త. ఆయన వ్యాసాలు రాశారు, ఇతరుల పనిని మదింపు చేశారు. వ్యాసాలకి పరిశోధక లోకం ఎలా స్పందించిందో కూడా చూపిస్తేనే ఆ ప్రమాణం లెక్కలోకి తీసుకుంటామని ఇమిగ్రేషన్ వాళ్ళు అన్నారు. కోర్టు ఏమందంటే, నిబంధనలో లేని షరతు మీరు అక్కడ పెట్టకూడదు, వ్యాసం రాశారా లేదా అన్నదే అక్కడ చూడాలి, దాని విలువ ఎంత అన్న ప్రశ్న తర్వాత వేసుకోండి అని. చివరికి ఆయనకి రెండు ప్రమాణాలే నిలబడ్డాయి, కేసు ఓడిపోయారు. కానీ ఆ తీర్పు ఆధారంగా 2010 డిసెంబరులో ఇమిగ్రేషన్ శాఖ, అంటే యూఎస్‌సీఐఎస్, రెండంచెల పద్ధతి తెచ్చింది. మొదటి అంచెలో మూడు ప్రమాణాలు ఉన్నాయా అని చూస్తారు. రెండో అంచెలో, దాన్నే ఫైనల్ మెరిట్స్ అంటారు, అన్నీ కలిపి చూస్తే ఈ మనిషి నిజంగా శిఖరం మీద ఉన్నాడా అని చూస్తారు. ఇంజనీర్ల పిటిషన్లు మొదటి అంచెలో కొన్ని పోతాయి, రెండో అంచెలో ఇంకా ఎక్కువ నలుగుతాయి.

రుజువు ఎంత బలంగా ఉండాలి? క్రిమినల్ కేసులోలాగా ఏ సందేహమూ లేకుండా అక్కర్లేదు. ఇమిగ్రేషన్ అప్పీళ్ళ కార్యాలయం 2010లో చావతే కేసులో ఇచ్చిన నిర్ణయం ప్రకారం, నిజం అయ్యే అవకాశం కాకపోయే అవకాశం కన్నా ఎక్కువుందని చూపిస్తే చాలు. కానీ అది కాగితాల సంఖ్య మీద తేలదు, కాగితంలో ఉన్న పస మీద తేలుతుంది. ఆరేడు వందల పేజీల కట్ట పంపి, అందులో ఏ పేజీ దేనికి రుజువో చెప్పకపోతే, ఆఫీసర్ వెతుక్కుంటూ కూర్చోరు. కూర్చోవాలని మనం ఆశించకూడదు కూడా.

సొంత కృషి: ఎక్కువ కేసులు పడిపోయేది ఇక్కడే

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రంగానికి ముఖ్యమైన సొంత కృషి అనే ప్రమాణం. ఇంజనీర్లందరూ దీన్నే ముందు పెడతారు, ఎక్కువగా ఓడిపోయేదీ దీంట్లోనే.

మామూలుగా పిటిషన్లో ఏం రాస్తారో చెప్పనా? "ఈయన డిజైన్ చేసిన మైక్రోసర్వీస్ ఆర్కిటెక్చర్ వల్ల కంపెనీకి ఏటా ఇన్ని మిలియన్ డాలర్లు ఆదా అయ్యాయి. సిస్టమ్ వేగం 40 శాతం పెరిగింది." బాగుంది. కానీ ఎవరి సిస్టమ్? ఆ కంపెనీ సిస్టమ్. నిబంధన అడుగుతున్నది ఏమిటి? రంగంలో ముఖ్యమైన కృషి. కంపెనీకి మిగిలిన డబ్బు కంపెనీకి ముఖ్యం. ఆ పద్ధతి చూసి ఇంకో కంపెనీ తన పద్ధతి మార్చుకుందా? లేదంటే రంగానికి ఏం జరిగింది?

దీనిమీద 2022లో అయిదో సర్క్యూట్ కోర్టు ఇచ్చిన అమీన్ వర్సెస్ మయోర్కస్ తీర్పు ప్రతి ఇంజనీరూ చదవాలి. పిటిషన్ వేసిన ఆయన కెమికల్ ఇంజనీరు. ఆయన పని ఆయన ప్రాజెక్టులకి ఎంతో ఉపయోగపడింది, ఎవరూ కాదనలేదు. ఆ ప్రాజెక్టుల్ని దాటి రంగం మొత్తం మీద ప్రభావం చూపించలేదన్న కారణంతో తిరస్కరించారు, కోర్టు ఆ తిరస్కరణని నిలబెట్టింది. రెండంచెల పద్ధతిని కూడా సమర్థించింది. ఆ తీర్పులో కెమికల్ ప్లాంట్ ఉన్నచోట మీ డేటా పైప్‌లైన్ పెట్టుకుని చదవండి, మీ కేసులో చిల్లు ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

మరి పేటెంట్? "పేటెంట్ ఉందిగా, అమెరికా ప్రభుత్వమే ఇచ్చిందిగా" అంటారు. పేటెంట్ ఇచ్చారంటే ఆ ఆలోచన కొత్తది, అంతకు ముందు ఎవరూ చెయ్యలేదు అని. అంటే సొంత కృషి అన్న సగం రుజువైంది. ముఖ్యమైనది అన్న రెండో సగం అలాగే మిగిలింది. ఆ పేటెంట్‌ని ఎవరైనా లైసెన్సు తీసుకున్నారా? ఏ ఉత్పత్తిలో వాడారు, ఆ ఉత్పత్తి ఎంత అమ్ముడైంది, అందులో మీ క్లెయిమ్ ఏ భాగం? వేరే కంపెనీలు తమ పేటెంట్లలో మీదాన్ని ఉటంకించాయా? ఉటంకిస్తే పక్కన ఊరికే జాబితాలో ఒకటిగానా, లేక దానిమీద ఆధారపడి కట్టుకున్నారా? పేటెంట్ సర్టిఫికెట్ ఫొటో కాపీ ఒక్కటి పెట్టి వదిలేసిన కేసుకీ, ఈ ప్రశ్నలకి కాగితాలతో జవాబు చెప్పిన కేసుకీ చాలా తేడా ఉంటుంది. ఇంకా పరిశీలనలో ఉన్న దరఖాస్తు అయితే, దానితో సొంత కృషి కూడా పూర్తిగా రుజువు కాదు.

ఎవరో చెయ్యి ఎత్తారు... అవునండీ, ఎన్‌డీఏ గురించి, అంటే కంపెనీ పని బయటపెట్టమని రాసిచ్చే ఒప్పందం. చాలా ముఖ్యమైన ప్రశ్న. పరిశ్రమలో పనిచేసేవాళ్ళ పని బయట చెప్పకూడదు, కోడ్ చూపించకూడదు, మరి బయటి ప్రభావం ఎలా చూపిస్తాం? దారులున్నాయి. సాంకేతిక స్టాండర్డ్స్ తయారుచేసే సంఘాల్లో పనిచేసినవాళ్ళకి, అంటే ఐఈటీఎఫ్, 3జీపీపీ, జెడెక్ లాంటి చోట్ల ప్రతిపాదనలు పెట్టినవాళ్ళకి, సమావేశాల రికార్డులు, పత్రం మీద రచయితగా పేరు బహిరంగంగానే ఉంటాయి. మీ ప్రతిపాదన ఆ స్టాండర్డ్‌లోకి వెళ్ళి, దాన్ని వేరే తయారీదారులు అమలు చేశారంటే అంతకన్నా బలమైన రుజువు ఏముంది? ఓపెన్ సోర్స్‌లో చేసినవాళ్ళకి కమిట్ చరిత్ర ఉంటుంది, మెయింటైనర్ హోదా ఎప్పుడొచ్చిందో ఉంటుంది, ఏ ప్రాజెక్టులు ఆ లైబ్రరీ మీద ఆధారపడ్డాయో చూపించొచ్చు. గిట్‌హబ్‌లో మెచ్చినవాళ్ళు పెట్టే నక్షత్రాల సంఖ్య ఒక్కటే పెట్టకండి. ఆ కోడ్‌ని ఫలానా సంస్థ తన ప్రొడక్షన్‌లో వాడుతోందని ఆ సంస్థ వాళ్ళే రాసిన ఉత్తరం, వాళ్ళ డాక్యుమెంటేషన్ పేజీ పెట్టండి. ఇవేవీ లేకపోతే, కంపెనీ బయటికి విడుదల చేసిన ఉత్పత్తిలో మీ భాగం ఏదో కంపెనీ అధికారి ఉత్తరంలో రాయించి, ఆ భాగాన్ని కస్టమర్లు ఎలా వాడారో, పోటీ కంపెనీలు తర్వాత అదే దారి పట్టాయో లేదో బహిరంగ కాగితాలతో చూపించాలి. కష్టమే. కానీ ఇది చూపించలేకపోతే ఈ ప్రమాణం జోలికి వెళ్ళకపోవడం మంచిది. బలహీనమైన ప్రమాణాన్ని ముందు పెడితే మిగతా వాటి మీద కూడా ఆఫీసర్‌కి నమ్మకం సడలుతుంది.

ఇక ఉత్తరాలు. సిఫారసు ఉత్తరాలు ఆరేడు పెడతారు. అందులో అయిదు పాత మేనేజర్లవి, సహోద్యోగులవి. అన్నింట్లోనూ "అసాధారణ ప్రతిభావంతుడు, రంగంలో ముఖ్యమైన కృషి చేశాడు" అని నిబంధనలో ఉన్న మాటలే ఉంటాయి. నిబంధన మాటలు తిరిగి నిబంధనకి చెప్తే రుజువు అవుతుందా? కాదు. ఏడు ఉత్తరాల్లో ఒకే వాక్యం, ఒకే కామా కనిపిస్తే ఆఫీసర్ దాన్ని నోటీసులో ఎత్తి రాస్తారు. ఆ మాట ఉత్తరం రాసినవాళ్ళది కాదు, ఎవరో రాసిచ్చింది అని తేలిపోతుంది.

మంచి ఉత్తరం ఎలా ఉంటుంది? రాసినవాళ్ళు మీతో ఎప్పుడూ పనిచెయ్యని మనిషి అయితే మేలు. మీ పని వాళ్ళకి ఎలా తెలిసింది, ఎప్పుడు తెలిసింది, ముందు వాళ్ళు ఆ సమస్యని ఎలా పరిష్కరించేవాళ్ళు, మీ పద్ధతి చూశాక ఏం మార్చుకున్నారు, మార్చాక ఏమైంది. ఈ అయిదూ ఉంటే ఒకటిన్నర పేజీ చాలు. ఉత్తరంలో చెప్పిన ప్రతి వాస్తవానికీ వెనక ఒక కాగితం ఉండాలి. ఉత్తరం ఆ కాగితాన్ని వివరిస్తుంది, కాగితం లేని ఉత్తరం ఒక్కటీ కేసుని మోయలేదు.

కీలక పాత్ర, జీతం

కీలక పాత్ర ప్రమాణం చాలామంది ఇంజనీర్లకి నిజంగా సరిపోతుంది. అయినా ఓడిపోతారు. ఎందుకంటే కంపెనీ పేరు రుజువు చేస్తారు గానీ పాత్ర రుజువు చెయ్యరు. కంపెనీ ఎంత గొప్పదో చెప్పడానికి వంద పేజీల వార్షిక నివేదికలు పెడతారు. ప్రపంచానికంతటికీ తెలిసిన కంపెనీకి అంత అక్కర్లేదు. రెండు లక్షల మంది ఉద్యోగులున్న చోట మీరు కీలకం ఎలా అయ్యారు? అదీ ప్రశ్న. నాయకత్వం అంటే హోదా, దాని కింద అధికారం. ఆర్గ్ చార్ట్ పెట్టండి, మీరు ఎవరికి రిపోర్ట్ చేస్తారో, మీ కింద ఎన్ని టీములో కనిపించాలి. కీలకం అంటే హోదా చిన్నదైనా పర్వాలేదు, మీ పని సంస్థ ఫలితాన్ని మార్చి ఉండాలి. సంస్థ మొత్తం అని కాకుండా ఒక విభాగం అని చెప్పుకోవచ్చు, దానికీ విధానం ఒప్పుకుంటుంది. కానీ అప్పుడు ఆ విభాగానికి సొంతంగా పేరుందని చూపించాలి. స్టార్టప్ అయితే చిన్నదన్న కారణంతో తోసిపుచ్చరు. పెట్టుబడులు ఎవరు పెట్టారు, ఏ దశలో ఎంత పెట్టారు, ప్రభుత్వ గ్రాంట్లు వచ్చాయా అన్నవి ఆ సంస్థ పేరుకి రుజువులు. ఉత్తరం రాసేవాళ్ళు మీ పనిని స్వయంగా చూసినవాళ్ళై ఉండాలి, హెచ్ఆర్ వాళ్ళు ఇచ్చే ఉద్యోగ ధ్రువీకరణ పత్రం దీనికి పనికిరాదు.

జీతం. ఇక్కడ లెక్క తప్పు చేసి పోగొట్టుకుంటారు, అందుకే కొంచెం నిదానంగా చెప్తాను. మీ జీతాన్ని దేనితో పోల్చాలి? అదే వృత్తి, అదే ప్రాంతం. సాన్ హోసేలో పనిచేస్తూ దేశమంతటి సగటుతో పోలిస్తే ఆఫీసర్ ఒప్పుకోరు. సాఫ్ట్‌వేర్ డెవలపర్లయితే వృత్తి కోడ్ 15-1252. లేబర్ స్టాటిస్టిక్స్ బ్యూరో ఆ కోడ్‌కి ప్రతి మెట్రో ప్రాంతంలో 10, 25, 50, 75, 90 పర్సంటైల్ జీతాలు ఇస్తుంది. మీరు 90కి పైన ఉన్నారా? చూడండి. హెచ్-1బీలో జీతానికి అన్నిటికన్నా పై మెట్టు, లెవెల్ 4 ఉంది కదా అంటారు. లెవెల్ 4 అంటే సుమారు 67వ పర్సంటైల్. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు అంతకన్నా ఎక్కువ తీసుకుంటున్నారు. దాన్ని శిఖరం అని ఎలా అంటాం?

ఇంకో చిక్కు ఉంది. ఆ బ్యూరో గణాంకాలకి పై హద్దు ఉంది. 2023 మే గణాంకాల్లో ఏడాదికి 2,39,200 డాలర్లు దాటితే అసలు అంకె ఇవ్వరు, "అంతకు సమానం లేదా ఎక్కువ" అని వదిలేస్తారు. బే ఏరియాలో ఈ హద్దు దాటేవాళ్ళు చాలామంది. అక్కడ ఆ పట్టిక ఒక్కటే పెడితే సరిపోదు, నమ్మదగిన ప్రైవేటు జీతాల సర్వేలు జోడించాలి, సర్వే ఎలా చేశారో కూడా పెట్టాలి. షేర్ల విషయంలో కూడా జాగ్రత్త. మీ వైపు ఆర్ఎస్‌యూలు, అంటే జీతంతోపాటు కంపెనీ ఇచ్చే షేర్లు, కలిపి, అవతలి వైపు మూల వేతనం మాత్రమే పెడితే ఆ పోలిక నిలబడదు. మూల వేతనాన్ని మూల వేతనంతో పోల్చండి, మొత్తాన్ని మొత్తంతో పోల్చండి. ఆఫర్ లెటర్ ఒక్కటే పెట్టకండి, డబ్బు నిజంగా వచ్చిందని ఏడాది జీతం చూపించే డబ్ల్యూ-2లు, పే స్టబ్‌లు చూపించండి.

మిగిలిన ప్రమాణాలు త్వరగా చూద్దాం.

సభ్యత్వాలు: ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం ఐ ట్రిపుల్ ఈలో సీనియర్ మెంబర్ హోదా చాలామంది పెడతారు. దానికి పదేళ్ళ వృత్తి అనుభవం, అందులో అయిదేళ్ళ గణనీయమైన పనితీరు అడుగుతారు. అది మంచి గుర్తింపే, కానీ అసాధారణ విజయాలు ఉన్నవాళ్ళకే ఇచ్చే సభ్యత్వం అని చూపించడం చాలా కష్టం. అదే సంస్థలో ఫెలో హోదాని యూఎస్‌సీఐఎస్ విధాన గ్రంథమే ఉదాహరణగా చెప్తుంది. ఏటా ఓటు హక్కున్న సభ్యుల్లో 0.1 శాతానికి మించి ఫెలో ఇవ్వరు. రెండింటి మధ్య దూరం ఎంతో చూడండి. ఫీజు కడితే వచ్చే సభ్యత్వాల గురించి నేను చెప్పక్కర్లేదు. ఏ సభ్యత్వమైనా సరే, ఆ సంస్థ నియమావళి, ఎంపిక చేసే కమిటీలో ఎవరున్నారు అన్నవి జతచెయ్యండి.

జడ్జింగ్: ఆహ్వానం వచ్చిన ఈమెయిల్ రుజువు కాదు, నిజంగా సమీక్ష చేశారని జర్నల్ ఎడిటర్ ధ్రువీకరించాలి. ఆఫీసులో జూనియర్ల కోడ్ రివ్యూ, ఇంటర్వ్యూలు చెయ్యడం సాధారణంగా దీని కిందికి రావు. పీర్ రివ్యూ మొదటి అంచె దాటిస్తుంది. రెండో అంచెలో "ఇది రంగంలో అందరూ చేసే పనేగా" అంటారు. ఎడిటోరియల్ బోర్డులోనో, పేరున్న కాన్ఫరెన్సు ప్రోగ్రామ్ కమిటీలోనో ఉంటే అక్కడ బరువుంటుంది.

పరిశోధన వ్యాసాలు: సొంత బ్లాగులు, కంపెనీ బ్లాగులు ఈ ప్రమాణానికి నిలవవు. వ్యాసం ఉంటే మొదటి అంచె దాటుతుంది, రెండో అంచెలో దాన్ని ఎవరు ఉటంకించారు, ఎందుకు ఉటంకించారు అని అడుగుతారు.

పత్రికల్లో వార్తలు: వార్త మీ గురించీ, మీ పని గురించీ ఉండాలి. కంపెనీ ఉత్పత్తి గురించి రాసి మధ్యలో మీ మాట ఒక్కటి వేస్తే అది మీ గురించిన వార్త కాదు. శీర్షిక, తేదీ, రచయిత పేరు మూడూ ఉండాలని నిబంధనలోనే ఉంది. రచయిత పేరు లేని వార్తలు దీంతోనే పోతాయి. మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఈనాడులోనో, సాక్షిలోనో, ఆంధ్రజ్యోతిలోనో మీ గురించి వస్తే అది పనికొస్తుంది, తెలుగు పత్రిక కదా అని పక్కన పెట్టకండి. కానీ మొత్తం వార్తకి ఇంగ్లీషు అనువాదం కావాలి, సారాంశం చాలదు. అనువాదకుడు తనకి రెండు భాషలూ వచ్చనీ, అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందనీ సంతకం చేసి ఇవ్వాలి. జిల్లా ఎడిషన్‌లో వచ్చిందా, అన్ని ఎడిషన్లలో వచ్చిందా అన్నది చెప్పాలి, సర్క్యులేషన్ లెక్కలు పెట్టాలి. అనువాదం లేని కాగితానికి విలువ సున్నా.

2024 అక్టోబరు 2న విధానంలో వచ్చిన మార్పులు కొన్ని మనకి మేలు చేసేవి. టీముకి వచ్చిన అవార్డుని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు, ఇప్పుడు లేని పాత సభ్యత్వాన్ని కూడా చూడొచ్చు. అంతకు ముందు అవార్డు టీముది అని తీసేసినవాళ్ళు మళ్ళీ చూసుకోండి.

మూడు దాటాక ఎందుకు పోతోంది?

ఫైనల్ మెరిట్స్. ఇక్కడ ఆఫీసర్ మీ కాగితాల మీద తేదీలు చూస్తారు. అవార్డు గత ఏడాది మార్చిలో, జడ్జింగ్ ఏప్రిల్లో, సభ్యత్వం మేలో, నాలుగు వ్యాసాలు జూన్, జూలైలో, పిటిషన్ సెప్టెంబరులో. పద్దెనిమిదేళ్ళ వృత్తి జీవితంలో గుర్తింపంతా ఆరు నెలల్లోనే వచ్చిందా? నిలిచి ఉన్న పేరు అని చట్టం అడుగుతుంటే, ఆ తేదీలే ఎదురు సాక్ష్యం చెప్తాయి. ఇన్నేళ్ళు ఉండాలని చట్టంలో ఒక లెక్క ఏదీ లేదు, యువకులకి కూడా వస్తుంది. కానీ పిటిషన్ కోసం పుట్టించిన పేరుకీ, పని వల్ల పుట్టిన పేరుకీ తేడా తేదీల్లో కనిపిస్తుంది.

రెండోది, రంగం ఏదో చెప్పకపోవడం. మొదటి పేజీలో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అంటారు, పదో పేజీలో క్లౌడ్ సెక్యూరిటీ, అవార్డేమో నాయకత్వానికి, వ్యాసాలేమో ఆరోగ్య రంగంలో డేటా మీద. ఏ రంగంలో శిఖరం మీద ఉన్నారు మీరు? రంగం మరీ వెడల్పుగా పెడితే పోటీదారులు లక్షలమంది. మరీ ఇరుకుగా, ఒక కంపెనీ టూల్‌కి కుదించి పెడితే అది రంగమే కాదంటారు. సాటివాళ్ళు, జర్నళ్ళు, సమావేశాలు ఉన్న ఒక గుర్తించదగ్గ రంగాన్ని ఎంచుకుని, ప్రతి ఆధారాన్నీ దానికే కట్టాలి.

మూడోది, ముందు ఏం చేస్తారన్నది. ఉద్యోగ ఆఫర్ అక్కర్లేదు గానీ అదే రంగంలో పని కొనసాగిస్తారని స్పష్టంగా చూపించాలి. 2002లో ఇల్లినాయ్‌లో లీ వర్సెస్ జిగ్లర్ అని ఒక కేసు. ఆయన బేస్‌బాల్ ఆటగాడిగా పేరున్నవాడు, అమెరికాలో కోచ్‌గా పనిచేస్తానన్నాడు. ఆటగాడి ప్రతిభ వేరు, కోచ్ ప్రతిభ వేరు అని తిరస్కరించారు, కోర్టు కాదనలేదు. చిప్ డిజైన్‌లో ఆధారాలన్నీ పెట్టి, ఇకమీదట కన్సల్టింగ్ కంపెనీ పెట్టి సిబ్బందిని సరఫరా చేస్తానని రాసేవాళ్ళు ఈ కేసు గురించి ఆలోచించుకోవాలి. అసాధారణ ప్రతిభకి ఇచ్చే తాత్కాలిక వీసా ఓ-1ఏ ఉందని, దేశ ప్రయోజనం పేరుతో ఉద్యోగ ఆఫర్ షరతు తీసేసే ఈబీ-2 పిటిషన్ ఎన్ఐడబ్ల్యూ ఆమోదమైందని నిశ్చింతగా ఉండడం కూడా పొరపాటు. ప్రతి పిటిషన్ దాని కాగితాల మీదే నడుస్తుంది.

ఇక చెప్పడానికి మనసొప్పని విషయం, అయినా చెప్పాలి. ప్రొఫైల్ కట్టిస్తామని వేల డాలర్లు తీసుకునే ఏజెంట్లు మన సమాజంలోనే తిరుగుతున్నారు. వాళ్ళు వ్యాసం రాసిస్తారు, రచయితగా మీ పేరు చేరుస్తారు, అవార్డు కొనిపెడతారు, డబ్బులిచ్చి వార్త వేయిస్తారు. పిటిషన్ మీద సంతకం ఎవరిది? మీది. అందులో ఉన్నదంతా నిజమని శిక్షకి లోబడి ప్రమాణం చేసేది మీరు. ఆ వ్యాసం మీరు రాయలేదని తేలితే అది మామూలు తిరస్కరణ కాదు. వాస్తవాన్ని కావాలని వక్రీకరించారని రికార్డులో రాస్తే, ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం జీవితాంతం ప్రవేశానికి అనర్హత వస్తుంది. కంపెనీ వేసిన పాత ఈబీ-2 మీద గ్రీన్ కార్డ్ వచ్చే దారి కూడా దాంతో మూసుకుపోవచ్చు. పిల్లల చదువులు, ఇల్లు, అన్నీ దీనిమీద ఆధారపడ్డాయి. దయచేసి, దయచేసి ఆ దారిలో వెళ్ళకండి.

నోటీసు వచ్చాక

ఆర్ఎఫ్ఈ, అంటే ఇంకా ఆధారాలు కావాలన్న నోటీసు, వస్తే జవాబుకి గరిష్ఠంగా 84 రోజులు, పోస్టులో పంపిన నోటీసైతే ఇంకో 3 రోజులు. తిరస్కరించే ఉద్దేశం ఉందని నోటీసు, అంటే నోయిడ్ వస్తే 30 రోజులు. నోటీసు మీద ఉన్న తేదీనే నమ్మండి. జవాబు ఒక్కసారే ఇవ్వాలి, అన్నీ కలిపి ఒక్క కట్టగా. సగం ఇప్పుడు, సగం తర్వాత కుదరదు. సగమే పంపితే ఉన్నవాటి మీద నిర్ణయం చెప్పమని మీరే అడిగినట్టు తీసుకుంటారు. పాత కట్టనే మళ్ళీ పంపి "పైవన్నీ దయచేసి పరిశీలించండి" అనడం వల్ల ఏమీ రాదు. ఆఫీసర్ ఏ వాక్యంలో ఏ లోపం చూపించారో ఆ వాక్యం రాసి, దాని కింద కొత్త ఆధారం, దాని ఎగ్జిబిట్ నంబరు, పేజీ నంబరు పెట్టి జవాబివ్వాలి.

ఇంకో సంగతి. పిటిషన్ వేసిన రోజుకే అర్హత ఉండాలి. వేసిన తర్వాత వచ్చిన అవార్డు, తర్వాత అచ్చయిన వ్యాసం ఆర్ఎఫ్ఈ జవాబులో పెడితే లెక్కలోకి రావు. వేసే రోజుకి ముందే జరిగిన పనికి కొత్తగా సంపాదించిన రుజువు పెట్టొచ్చు. ఈ తేడా తెలియక ఆర్ఎఫ్ఈ గడువంతా కొత్త అవార్డుల వెంట పరుగెత్తేవాళ్ళున్నారు.

తిరస్కరణే వస్తే? అప్పీలుకో మోషన్‌కో ఫారం ఐ-290బీ, గడువు 30 రోజులు, నిర్ణయం పోస్టులో పంపితే 33. ఆఫీసర్ కాగితాల్లో ఉన్న ఆధారాన్ని చూడకుండా వదిలేసినా, నిబంధనలో లేని షరతు పెట్టినా అప్పీలుకి అర్థముంది. ఆధారమే బలహీనంగా ఉంటే అప్పీలు వల్ల ఒరిగేదేమీ లేదు, ఆధారం పెంచుకుని కొత్తగా వెయ్యడమే మేలు. కొత్తగా ఎన్నిసార్లయినా వెయ్యొచ్చు, నిషేధం లేదు. కానీ ఇంతకు ముందు మీ పేరు మీద పిటిషన్లు వేశారా అని ఐ-140 ఫారంలో అడుగుతారు, అక్కడ నిజమే రాయాలి. రెండో పిటిషన్లో మొదటి తిరస్కరణ పత్రాన్ని ముందు పెట్టుకుని, అది ఎత్తిచూపిన ప్రతి లోపానికీ జవాబు సిద్ధం చేసుకున్నాకే వెయ్యండి.

చాలామందిని భయపెట్టే ప్రశ్న ఒకటుంది, మీరు అడగకముందే చెప్తాను. మామూలు ఈబీ-1ఏ తిరస్కరణ వల్ల మీ హెచ్-1బీ పోదు, ఆమోదమైన పాత ఈబీ-2 పోదు, ఆ ప్రయారిటీ డేట్ పోదు. అవి అలాగే ఉంటాయి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఆ ఎడమవైపు వరుస నుంచి మొదలుపెడదాం. మీ కేసులో వ్యక్తిగత వివరాలు అందరి ముందూ చెప్పకండి, రంగం ఏదో, ఏ ప్రమాణం దగ్గర ఆగిపోయిందో చెప్పండి చాలు.